నర్సీపట్నం సంతలో మాట డబ్బా

ఇప్పటి కుర్రాళ్ళు మైకు ముందుకు రాగానే వేలితో టకటకా కొట్టి, ఉఫ్‌మని ఊది, గొంతు సవరించుకుని, "హలో, హలో" అన్నాక గాని అసలు మాటకు రారు. ఆ ఊదుడు విన్నప్పుడల్లా ఈ ముసలి ప్రాణం విలవిల్లాడుతుంది. మా రోజుల్లో మైకును ఊదినవాడు మా మేస్త్రీగారి చేతిలో బతికి బట్టకట్టేవాడు కాదు. నా ఉద్యోగమంతా మైకుల వెనకే గడిచింది. ఎందరో మహామహుల ఉపన్యాసాలు నా చేతుల మీదుగా జనం చెవుల్లో పడ్డాయి. నిజం చెప్పొద్దూ, వాటిలో ఒక్కటీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా నర్సీపట్నం సంతలో ఒక దూడ ఇచ్చిన ఉపన్యాసం. ఒక ఇల్లాలి గేదె పరాయి చేతికి పోతుందా పోదా అన్నది ఆ రోజు ఆ ఉపన్యాసం మీదే ఆధారపడింది. నవ్వకండి, చెబుతాను.

అవి పంతొమ్మిది వందల ఇరవైల చివరి రోజులు. విశాఖపట్నంలో గ్రామఫోన్లు అమ్మే షాపులో నేను కొత్తగా చేరాను. ముల్లు మార్చడం, ప్లేట్లు తుడవడం, కీ తిప్పడం నా పని. అంతలో మా షావుకారుగారు మద్రాసు నుంచి ఒక సెట్టు తెప్పించారు. ఒకడు మామూలుగా మాట్లాడితే ఊరంతటికీ వినపడే యంత్రమన్నారు. మైకు అనే మాట ఇంకా మా నోళ్ళకు అలవాటు కాలేదు. జనం మాట డబ్బా అన్నారు, మేమూ అదే అన్నాం. ఆ డబ్బాను చూసుకోవడానికి మేస్త్రీగారిని పెట్టారు, మేస్త్రీగారిని చూసుకోవడానికి నన్ను పెట్టారు.

మేస్త్రీగారు మిషన్ చర్చి కుటుంబం మనిషి. తంతి ఆఫీసులో తీగలు లాగి పని నేర్చుకున్నారు. ఆదివారం చర్చిలో కీర్తన అందుకుంటే కిటికీ రెక్కలు కదిలేవట. అంత గొంతున్న మనిషికి గొంతు అవసరం లేకుండా చేసే యంత్రం అప్పగించడం దేవుడి హాస్యమని ఆయనే అనేవారు. కోపం ముక్కు మీద ఉండేది. నవ్వు దాని పక్కనే ఉండేది. ఏది ముందొస్తుందో ఆయనకే తెలియదు.

డబ్బా సంగతి కొంచెం చెప్పకపోతే ముందు కథ మీకు ఎక్కదు. ఒక ఇనుప చట్రం, దాని మధ్యలో స్ప్రింగులతో వేలాడే గుండ్రటి బిళ్ళ. బిళ్ళ మొహం నిండా సన్నటి చిల్లులు. లోపల ఆవగింజలో సగం కూడా ఉండని బొగ్గు నలుసులు. మాట తగిలితే ఆ నలుసులు కదులుతాయి, అవి కదిలితే తీగలో కరెంటు కదులుతుంది, అంతే కిటుకు. మీద పడి అరిచినా, తడి తగిలినా నలుసులు ఒకదానికొకటి అతుక్కుపోయి మొండికేస్తాయి. అప్పుడు ముందు కరెంటు ఆపాలి, తర్వాత వేలి కణుపుతో పసిబిడ్డకు తేన్పు తెప్పించినంత మెల్లగా తట్టాలి. కరెంటు ఉండగా కదిపామా, లోపలి బొగ్గు మాడిపోతుంది. పని అయ్యాక పొడి పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టాలి. ఆ పట్టుగుడ్డ మేస్త్రీగారి భార్య పెళ్ళి చీరలోని ముక్క. ఆవిడను అడిగి కోశారో, అడక్కుండా కోశారో నేనెప్పుడూ అడగలేదు.

నర్సీపట్నంలో సంతకు కొత్త షెడ్డు కట్టారు. దాన్ని తాలూకా బోర్డు ప్రెసిడెంటుగారు సంత రోజున ప్రారంభిస్తూ, డబ్బాలో మాట్లాడాలని ముచ్చటపడ్డారు. మా షావుకారుగారు మమ్మల్ని సాగనంపుతూ ఒకే మాట అన్నారు. "ప్రెసిడెంటుగారికి నచ్చితే మీరిద్దరూ ఉంటారు. నచ్చకపోతే డబ్బా ఒక్కటే ఉంటుంది."

నర్సీపట్నం రోడ్డు స్టేషనులో రైలు దిగాం. బస్సువాడు మా బ్యాటరీలను వాసన చూసి, "యాసిడ్డా? నా సీట్లకి సిల్లులడిపోతాయి, నానెక్కించను" అని హారను కొట్టుకుంటూ పోయాడు. ఎడ్లబండి మాట్లాడుకున్నాం. దారి పొడుగునా మేస్త్రీగారు పట్టుగుడ్డలో చుట్టిన డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బండి గోతిలో పడ్డప్పుడల్లా ఆయన ఎగిరేవారు గాని ఒళ్ళోని డబ్బా కదిలేది కాదు. ఎదురొచ్చిన ఒక ముసలమ్మ బండి ఆపి, "బిడ్డ ఆడా మగా బాబూ?" అని అడిగింది. మేస్త్రీగారు ఏమాత్రం తడుముకోకుండా, "ఇంకా నోరిప్పలేదమ్మా, ఇప్పినాక తెలుస్తాది" అన్నారు.

సంత రోజు పొద్దున్నే షెడ్డు ముందు అరుగు మీద డబ్బాను నిలబెట్టాం. మాట వెలువడే కొమ్ము పెద్ద ఉమ్మెత్త పువ్వులా ఉండేది. దాన్ని గుంజకు ఎక్కించేంత తాళ్ళు లేక, మేం వచ్చిన బండినే అరుగుకు కొంచెం దూరంగా నిలిపి దాని మీద కట్టాం. బండివాడు ఎడ్లను విప్పేసి, తాను మాత్రం కాడి మీద కూర్చుని అందరికీ ఆ కొమ్ము తనదేనన్నట్టు చెప్పుకున్నాడు. కొమ్ము మొహం డబ్బా వైపు ఉంటే అది తన కూత తానే విని కీచుమంటుంది. అందుకని మొహం అటు, సంత వైపు.

డబ్బాను పరీక్షించడానికి మేస్త్రీగారికి సొంత మంత్రం ఉండేది. అంకెలు లెక్కపెట్టేవారు కాదు. కూరల పేర్లు చెప్పేవారు. వంకాయ అంటే గుండ్రంగా పలకాలి, బచ్చలి అంటే బుస కొట్టకూడదు, చిక్కుడుకాయ అంటే చురుగ్గా తెగాలి. ఆ రోజు ఆయన కరెంటు వేసి, డబ్బాకు జానెడు దూరంలో నిలబడి, మామూలు గొంతుతో "వంకాయ" అన్నారు. సంతంతా ఒక్కసారి మాట ఆపేసింది. కాసేపటికి ఎక్కడో జనం మధ్య నుంచి ఒక గొంతు లేచింది. "లేతయి! రా బాబూ రా!" మేస్త్రీగారు "బచ్చలి" అన్నారు. ఇంకో మూల నుంచి ఇంకో గొంతు. "ఇదిగో, ఇటు! కట్ట సూసుకో!" ఆయన చిక్కుడుకాయ దాకా వచ్చేసరికి నలుగురు గంపలెత్తుకుని అరుగు దగ్గర నిలబడ్డారు. ఇంత గొప్పగా పిలిపించి కొనకపోతే ఎలాగని వాళ్ళు, ఇది పరీక్ష తల్లీ అని మేస్త్రీగారు. చివరికి మధ్యాహ్నం మా భోజనంలోకి ఆ కూరలన్నీ వచ్చాయి.

ప్రెసిడెంటుగారు వచ్చారు. నిలువెత్తు మనిషి, నోటి నిండా తాంబూలం. జీవితమంతా పొలం గట్టు మీద నిలబడి అవతలి గట్టువాణ్ణి పిలిచిన గొంతు. మేస్త్రీగారు చేతులు కట్టుకుని, "మెల్లగా మాట్లాడితే చాలండీ, అరవక్కర్లేదండీ" అన్నారు. ఆయన తలూపారు. తలూపి, చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని, మూతి దానికి ఆనించి, "మహాజనులారా!" అన్నారు.

ఆ ఒక్క పిలుపుకు కొమ్ము మీద వాలిన కాకులు కోటవురట్ల దాకా ఎగిరిపోయి ఉంటాయి. రెండో మాటకు తాంబూలపు తుంపర చిల్లుల్లోకి పోయింది. మూడో మాటకు డబ్బా మూగబోయింది. కొమ్ములోంచి మాట పోయి, మూకుడులో బూరెలు వేగుతున్న చప్పుడు మొదలైంది. ప్రెసిడెంటుగారికి ఆ తేడా తెలియలేదు. ఆయన అరుపు ఆయనకు వినపడుతోంది, అంతకంటే ఏం కావాలి? ముందు వరసలవాళ్ళకు ఆయన, వెనక వరసలవాళ్ళకు బూరెలు. మేస్త్రీగారు నా వైపు చూశారు. ఆ చూపులో మా ఇద్దరి ఉద్యోగాలూ రెక్కలు కట్టుకుని నిలబడ్డాయి. ప్రెసిడెంటుగారు చట్రం వదిలితే గాని డబ్బాను ముట్టుకోవడానికి లేదు. ఆయన వదిలేలా లేరు.

అప్పుడొచ్చింది ఆవిడ. జనాన్ని రెండు మోచేతులతో తోసుకుంటూ, మెడ మీద గేదె దూడను వేసుకుని, దాని ముందు కాళ్ళు ఒక చేత్తో, వెనక కాళ్ళు ఒక చేత్తో పట్టుకుని, చెమటలు కక్కుతూ తిన్నగా అరుగు ఎక్కేసింది. ప్రెసిడెంటుగారు నోరు తెరిచినవారు తెరిచినట్టే ఉండిపోయారు. చట్రం మీది చేతులు వాటంతటవే జారాయి. నాకు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది.

"మాట డబ్బా ఇదేనా బాబూ? ఎంత దూరమున్నోణ్ణయినా పిలుత్తాదంట కదా! మా ఇంటాయన్ని పిలువు, బేగి పిలువు!"

"ఏటయింది తల్లీ?" అన్నారు మేస్త్రీగారు.

దూడను కిందికి దించి ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఈ దూడని సిరతపులి ఎత్తుకుపోనాదనుకున్నాం బాబూ. దూడ కనబడక గేది సేపటం మానేసినాది. ఎన్ని సేసినా సుక్క పాలివ్వదు. ఒట్టి గేదిని ఎలా మేపుతామని మా ఆయన ఈయేళ తెల్లారకుండా దాన్ని సంతకి తోలుకొచ్చీసినారు. ఆయన అటెల్లారు, ఇటు కొండకి మేతకెల్లిన మందలో కలిసి ఇది ఇంటికొచ్చీసినాది! పలుపు మారకముందే ఆరికి సెప్పాలి. ఆ గేది నా సేతిలో పెరిగిన బిడ్డ బాబూ, అది పోతే నానుండలేను!"

పశువుల సంత మర్యాద తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అక్కడ ధర నోటితో చెప్పరు. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలిపి, మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు నొక్కి బేరమాడతారు. పక్కనున్నవాడికి ఒక్క ముక్క తెలియదు. బేరం కుదిరాక అమ్మినవాడు తన పలుపు విప్పేసి, కొన్నవాడి పలుపు గేదె మెడకు కట్టనిస్తాడు. పలుపు మారిందా, ఇక బ్రహ్మదేవుడు దిగి వచ్చినా ఆ గేదె వెనక్కి రాదు.

వెళ్ళి వెతుక్కోవచ్చు కదా అంటారేమో. షెడ్డు ప్రారంభమని ఆ వారం పశువుల్ని వాగు అవతలి మైదానానికి మార్చారు. అక్కడ తోపులో, గట్ల మీద, ఎటు చూసినా గేదెలే. ఆవిడ రోలుగుంట వైపు పల్లె నుంచి దూడను మోసుకుంటూ, లాక్కుంటూ వచ్చింది. పాదాలు బొబ్బలెక్కి నిలబడలేకపోతోంది. ప్రెసిడెంటుగారు తన బంట్రోతును వాగు అవతలికి పరిగెత్తించారు. పాపం, చూసిన ప్రతి గేదే తనకు అదే గేదెలా కనపడిందని ఆ బంట్రోతు తర్వాత వాపోయాడు.

ప్రెసిడెంటుగారి గురించి ఇక్కడొక మాట. ఆయన ఉపన్యాసం ఆగిపోయిందని కోప్పడతారనుకున్నాను. గేదె అన్న మాట చెవిన పడగానే ఆయన మొహమే మారిపోయింది. దూడ దగ్గర చతికిలబడి దాని మూతి తెరిచి చూశారు. "దీని సిగతరగ, బలంగా ఉన్నాది. తల్లి మంచి గేదే అయ్యుంటాది" అన్నారు. ఆ క్షణం నుంచి షెడ్డు ఏమైందో ఆయనకు పట్టలేదు.

ఈలోగా నేను కరెంటు ఆపి, చిల్లుల మీది తాంబూలం పొడిగుడ్డతో అద్ది, కణుపుతో మెల్లగా తట్టాను. లోపల నలుసులు సన్నగా గలగలమన్నాయి. అంత తియ్యటి చప్పుడు నేను ఏ గ్రామఫోను ప్లేటులోనూ వినలేదు. కరెంటు వేశాను. మేస్త్రీగారు "వంకాయ" అన్నారు. కొమ్ము "వంకాయ" అంది. "నేదు బాబూ, అయిపోనాయి!" అంది జనంలోంచి గొంతు.

బండివాడి చేత కొమ్మును వాగు వైపు తిప్పించాం. మేస్త్రీగారు అడిగారు. "మీ ఆయన పేరేటమ్మా?"

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఆరి పేరు నానెలా సెప్తాను బాబూ!"

మొగుడి పేరు నోటితో అనకూడదు. ఇల్లు తగలబడుతున్నా అనకూడదు, గేదె పోతున్నా అనకూడదు. పొద్దుట్నుంచి అడ్డొచ్చిన అందరినీ మోచేతులతో తోసుకుంటూ వచ్చిన మనిషి ఆ ఒక్క చోట కదలనంటే కదలనంది. చివరికి దారి చూపించింది. "కొండ మీద ఉంటాడు కదా బాబూ, సందనం పూత్తారు..." అంది.

విశాఖ జిల్లాలో ఆ దేవుడెవరో చెప్పక్కర్లేదు. ఆ పేరు నేనూ ఇక్కడ రాయను. కట్టుకున్న ఆవిడే అనని పేరు నాకెందుకు? మేస్త్రీగారు మాత్రం ఆ పేరు డబ్బాలో గట్టిగా పిలిచి, వెంటనే అరుగు దగ్గరికి రమ్మన్నారు. మేం చేసిన పొరపాటు అప్పుడు గాని తెలిసిరాలేదు. ఈ జిల్లాలో ఇంటికొక పేరు అదే. నిమిషం తిరక్కుండా అరుగు చుట్టూ అదే పేరు గల మగాళ్ళు గుంపు కట్టారు. ఒకడు సగం గడ్డం గీయించుకుని వచ్చాడు. ఇంకొకడు, "నానేటీ సెయ్యనేదండీ, ఆ గొడవకి నాను పోనేదండీ" అని ఏడుపు మొదలుపెట్టాడు. ఏ గొడవో ఎవరూ అడగలేదు. ఆవిడ ఒక్కొక్కరినీ చూసి తల అడ్డంగా ఊపింది.

"నీ గొంతుతో నువ్వే పిలువు తల్లీ. ఇంట్లో ఎలా పిలుస్తావో అలాగే పిలువు" అన్నారు మేస్త్రీగారు.

ఆవిడ డబ్బా ముందుకొచ్చింది. చిల్లుల వైపు చూసి సిగ్గుపడి, తల పక్కకు తిప్పుకుని అంది. "ఇదిగో, ఇటు సూడండి!"

కొమ్ములోంచి ఆ మాట వెళ్ళిందో లేదో, సంతలో ఉన్న ప్రతి మగాడూ ఇటు చూశాడు. ప్రెసిడెంటుగారు కూడా ఉలిక్కిపడి చూశారు. అందరి ఇళ్ళలోనూ పిలుపు ఒకటే మరి! కొందరు అప్పుడే చేతిలోని చుట్ట వెనక్కి దాచేసుకున్నారు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నవ్వు ఆపుకోలేక నేను బ్యాటరీ వెనక దాక్కున్నాను.

అప్పుడు ఆవిడ మెల్లగా ఇంకో సంగతి చెప్పింది. "ఆరికి సెవులు కాస్త మందం బాబూ."

మేస్త్రీగారు నుదురు కొట్టుకున్నారు. చెవులు మందమైన మనిషికి తువ్వాలు కింద బేరానికి ఏ అడ్డూ లేదు. చెవితో పని లేదు, వేలు చాలు. ఈపాటికి బేరం సగంలో ఉండే ఉంటుంది. ఆవిడ మొహంలో సిగ్గు పోయింది. అరుగు మీద కూలబడి దూడ మెడ పట్టుకుని భోరుమంది. చుట్టూ ఉన్న నవ్వులన్నీ ఒక్కసారి ఆగాయి. ఇంత పెద్ద కొమ్ము పెట్టుకుని ఒక్క మనిషిని పిలవలేకపోయామే అని సిగ్గేసింది.

ఆవిడ ఏడుపు చూసి బెదిరిందో, ఆకలే వేసిందో, దూడ లేచి నిలబడింది. ఎదురుగా గుండ్రంగా కనపడ్డ డబ్బాను వాసన చూసింది. మేస్త్రీగారు "దాని మూతి, దాని మూతి తడి!" అంటూ చెయ్యి అడ్డం పెట్టబోయారు. అంతలోనే దూడ మెడ చాచి అరిచింది.

అది అరుపు కాదండీ. ఆ చిన్న ప్రాణం కొమ్ములోంచి వెళ్ళేసరికి ఏనుగంత అయింది. వాగు నీళ్ళు దాటి, తోపు దాటి పోయింది. తర్వాత వాగు అవతల నుంచి జవాబు వచ్చింది. ఒక్కటే గొంతు, ఒక్కటే గేదె.

మేస్త్రీగారు అడ్డం పెట్టబోయిన చేతినే దూడ వీపు మీద వేశారు. "ఇంకోపాలి అనమ్మా, బంగారుతల్లీ, ఇంకోపాలి!" అన్నారు. తుంపర గొడవ గాలికి పోయింది. దూడ రెండోసారి అంది.

వాగు గట్టు మీద దుమ్ము లేచింది. గేదె జాతి నీళ్ళు కనపడితే పడుకుంటుంది. ఆ గేదె ఆ రోజు నీళ్ళను నీళ్ళనుకోలేదు. వాగు చీల్చుకుని ఇవతలికెక్కి, జనం రెండుగా విడిపోతుంటే మధ్యలోంచి పరిగెత్తుకొచ్చింది. దాని పలుపు చివర వేలాడుతూ ఒక మనిషి. ఆ మనిషితో పాటే పక్కన ఇంకో మనిషి. ఇద్దరూ నిలువునా తడిసి, పంచెలు మోకాళ్ళ పైకెగిరి, పక్కపక్కనే పరుగు. ఆ రెండోవాడు ఎందుకు పరిగెడుతున్నాడో దగ్గరికొచ్చాక గాని తెలియలేదు. ఇద్దరి చేతుల మీదా ఇంకా తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు కింద వేళ్ళు ఇంకా పట్టుకునే ఉన్నాయి. పలుపు మారకుండా చెయ్యి వదిలితే మర్యాద పోతుంది మరి.

గేదె దూడ దగ్గరికి పోలేదు. అరుపు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి, తిన్నగా కొమ్ము దగ్గరికి పోయింది. బండివాడు కాడి మీంచి ఎగిరి దూకాడు. గేదె మాత్రం కొమ్మును పొడవలేదు. లోపలికి మూతి పెట్టి చూసింది. దూడ కనపడలేదు. నాలుక చాచి కొమ్ము అంచు నాకడం మొదలెట్టింది. పైనుంచి కింది దాకా, పుట్టిన బిడ్డను నాకినట్టు నాకింది. అలా నాకుతుండగానే పొదుగు నిండి, పాలు చుక్కలు చుక్కలుగా నేల మీద పడ్డాయి. నా పక్కన నిలబడ్డ వంకాయల మనిషి కళ్ళొత్తుకుంది. నేనూ ఒత్తుకున్నాను, ఎందుకు దాచాలి?

ఆవిడ దూడను అరుగు మీంచి కిందికి దింపి వదిలింది. తర్వాత జరిగింది నేను చెప్పక్కర్లేదు. ఆ తోక ఊపుడు చూడాలి!

కాని ఇంకా తేలలేదు. తువ్వాలు కింద వేళ్ళు ఇంకా ఉన్నాయి. ప్రెసిడెంటుగారు అరుగు దిగి, గేదెను కొనవచ్చిన బేరగాడి ఎదుట నిలబడ్డారు. "ధర కుదిరిపోనాదేటి?"

"కుదిరిపోనాదండీ" అన్నాడు బేరగాడు. "ఆకరి వేలు నొక్కీసినారు. పలుపు ఇప్పబోతుంటే ఇది పరుగెట్టీసినాది." నడుముకు చుట్టుకున్న తన పలుపు చూపించాడు. కొత్తది.

ఇంటావిడ గేదె మెడ రెండు చేతులా పట్టుకుంది. ధర కుదిరింది, పలుపు మారలేదు. సంత మర్యాద ఎటు మొగ్గుతుందో పెద్దవాళ్ళు కూడా చెప్పలేక తలలు గోక్కున్నారు. బేరగాడు వాళ్ళ వైపు తిరగలేదు. పాలు తాగుతున్న దూడను చూశాడు, కొమ్ము అంచు మీద మెరుస్తున్న తడిని చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"నాను బేరం సేసింది దూడ నేని గేదినండీ" అన్నాడు. "ఇది ఏరే గేది. దీన్ని నానెప్పుడూ సూడనేదు."

ఆ చప్పట్లకు మాట డబ్బా అవసరం లేకపోయింది. ప్రెసిడెంటుగారు బేరగాణ్ణి కావలించుకుని తన పట్టు కండువా కూడా తడిపేసుకున్నారు.

ఇంతలో అసలు మొగుడు మహాశయుడు కొమ్ము ముందు నిలబడి, ఏం జరిగిందో తెలియక దిక్కులు చూస్తున్నాడు. ఎవరేం చెప్పినా చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆఁ?" అంటున్నాడు. మేస్త్రీగారు ఆవిడను మళ్ళీ డబ్బా ముందుకు తీసుకొచ్చారు. ఆవిడ ఈసారి సిగ్గుపడలేదు. "దూడ ఇంటికొచ్చీసినాదండీ! మన దూడే! బతికే ఉన్నాది!" అంది. ఆ మాటలు కొమ్ములోంచి మొగుడి మొహాన పడ్డాయి. ఆయన రెండు చెవులూ మూసుకుని, గిర్రున తిరిగి, పెళ్ళాం వైపు చూసి కోప్పడ్డాడు.

"ఏటలా అరుత్తావు? నాకేటి సెవుడా?"

ఆ రోజు నవ్విన నవ్వుకు నాకు రెండు రోజులు పక్కటెముకలు నొప్పెట్టాయి. ఆవిడ కూడా ఏడుస్తూనే నవ్వింది. పెళ్ళయ్యాక ఒక్క మాటకే ఆయన జవాబు చెప్పడం అదే మొదటిసారట.

షెడ్డు ప్రారంభోత్సవం ఎవరికీ గుర్తు రాలేదు. సాయంత్రం ప్రెసిడెంటుగారే గుర్తు తెచ్చుకుని, వచ్చే సంతకు ఉపన్యాసం పూర్తి చేస్తాను, అంతవరకు ఊళ్ళోనే ఉండండి, బస నాది, అన్నారు. మా ఉద్యోగాలు నిలిచాయి. ఆ వారమంతా మేస్త్రీగారు ఊరి పెద్దలకు డబ్బా వాడకం నేర్పించారు. ఊదకూడదు, అరవకూడదు, తడి తగలకూడదు. ప్రెసిడెంటుగారు కూడా తాంబూలం ఉమ్మేసి, జానెడు దూరంలో నిలబడి, "వంకాయ" అని ముద్దుగా అనడం నేర్చుకున్నారు.

మళ్ళీ సంత వచ్చింది. డబ్బా అరుగు మీద పెట్టి, మేమిద్దరం కొమ్ము కట్టడానికి బండి దగ్గరికెళ్ళాం. తిరిగి చూసేసరికి ఆవిడ అరుగు మీద ఉంది. తలస్నానం చేసి, మొహాన పసుపు, చేతిలో ఇత్తడి చెంబు. డబ్బా చట్రానికి బొట్టు పెట్టేసింది. గేదె మళ్ళీ చేపితే పుట్టలో పాలు పోస్తానని మొక్కుకుందట, పోసి వచ్చిందట. చెంబులో మిగిలినవి ఇప్పుడు ఇక్కడ పోస్తోంది. పుట్టకు చిల్లులున్నాయి, డబ్బాకూ చిల్లులున్నాయి. ఏ చుక్కా పక్కకు పోకుండా, ఎంతో ఒడుపుగా, సన్నటి ధారగా పోస్తోంది.

నేను కేక వెయ్యబోయాను. మేస్త్రీగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. అప్పటికే చెంబు ఖాళీ అయిపోయింది.

ఆవిడ మమ్మల్ని చూసి నవ్వింది. "పొద్దత్తమానం అందరి మాటలూ ఇదే అంటాది కదా బాబూ. దీని గొంతు ఎంత ఎండిపోతాదో! ఒక్కరైనా ఒక్క సుక్క పోసినారా దీని నోట్లో?"

మేస్త్రీగారి మొహం ఎర్రబడింది, ఉబ్బింది. కోపం వస్తుందో నవ్వు వస్తుందో ఆయనకే తెలియలేదు. చివరికి చేతులు జోడించి, "పొయ్యలేదు తల్లీ, నువ్వే మొదలు" అన్నారు. ఆవిడ కనుమరుగయ్యే దాకా నిలబడి, ఆ తర్వాత బండి చక్రానికి ఆనుకుని కూలబడి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వారు. ప్రెసిడెంటుగారు ఆ రోజు ఉపన్యాసం డబ్బా లేకుండానే ఇచ్చారు. నేర్చుకున్న అలవాటు పోక మెల్లగా ఇచ్చారు, ఎవరికీ వినపడలేదు.

విశాఖలో షావుకారుగారు బిళ్ళ విప్పించి చూశారు. బొగ్గు నలుసులు పెరుగులో ఆవాల్లా తోడుకుని ఉన్నాయి. ఆయన మమ్మల్ని ఎదురుగా నిలబెట్టుకుని, జరిగిందంతా మేస్త్రీగారి నోట విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను. ఆఖరికి అడిగారు.

"నీళ్ళు కలిపిన పాలా?"

"లేదండీ" అన్నారు మేస్త్రీగారు. "చిక్కటి పాలు. మీగడ కూడా ఉంది."

షావుకారుగారు బిళ్ళను మళ్ళీ చూశారు. "అయితే ఏం చేస్తాంలే" అని లేచి, మద్రాసుకు కొత్త బిళ్ళ కోసం కబురు పెట్టారు.

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళకు మైకు సంరక్షణంతా పూస గుచ్చినట్టు చెప్పాను. ఊదనివ్వకండి, కొట్టనివ్వకండి, తడి తగలనివ్వకండి. ఒక్కటి మాత్రం చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఎప్పుడైనా ఎవరైనా పాల చెంబు పట్టుకుని మీ మైకు దగ్గరికొస్తే, ముందు కరెంటు ఆపెయ్యండి. ఆపేసి, పొయ్యనివ్వండి.